రాజ్‌విహార్ మూడుసార్లు ఎందుకొస్తోంది? కంటికి కనబడని అక్షరాల పంచాయితీ

నీళ్లక్యాన్ (కర్నూలు)

అందరికీ నమస్తే. మా మామకు కర్నూల్లో వాటర్ ప్లాంట్ ఉంది. ఏ ఏరియాకు నెలకు ఎన్ని క్యాన్లు పోతున్నాయో లెక్క తీసిపెట్టమని నాకు అప్పజెప్పాడు (బీటెక్ చదువుతున్నామంటే చాలు, ప్రింటర్ బాగుచేయడం కాడి నుంచి అన్నీ మన నెత్తినే). కస్టమర్ల లిస్టు ముగ్గురి చేతుల్లో తయారైంది. డెలివరీ కుర్రాడు ఫోన్లో కొట్టినవి కొన్ని, ప్లాంట్లో లెక్కలు రాసే ఆయన కంప్యూటర్లో ఎక్కించినవి కొన్ని, ఇంకొన్నేమో పాత డీటీపీ (ప్రింటింగ్) ఫైలు నుంచి, ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉండే యూనికోడ్‌లోకి మార్చి అతికించినవి. అన్నీ కలిపి, కామాలతో విడదీసిన పట్టిక ఫైలు, అంటే ఒక సీఎస్‌వీ చేసి పైథాన్‌తో ప్రోగ్రాము రాసి ఏరియాల వారీగా కూడితే రాజ్‌విహార్ మూడు వరసల్లో వచ్చింది. ఒకదాంట్లో జకారం కింద వత్తు పడి 'రాజ్విహార్' అని ఉంది, సరే, దాన్ని తప్పు టైపింగ్ అనుకుందాం. మిగతా రెండూ ఎంత చూసినా ఒక్కటే, అయినా వేరువేరు అంటోంది. మాటకు అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసే స్ట్రిప్ పెట్టినా లాభం లేదు. ఇది చాలదన్నట్టు మొదటి కాలమ్ హెడింగ్ 'పేరు' అని కళ్ల ముందే కనబడుతుంటే, అలాంటి కాలమే లేదని ఎర్రర్ కొడుతోంది. తల తిరుగుతోంది, ఎవరైనా చెప్పండి.

బురుజు_నీడ (కర్నూలు)

ప్రింట్ చేసి చూస్తే ఎప్పటికీ దొరకదు తమ్ముడూ. ప్రింట్‌లో నేరుగా కాకుండా రెప్ర్ పెట్టి చూడు. తెలుగు అక్షరాలను తెలుగులోనే చూపిస్తుంది, కనబడని వాటిని మాత్రం కోడ్ నంబరుతో బయటపెడుతుంది. లెన్ కూడా వేసి మూడింటి పొడవు ఎంతెంతో ఇక్కడ పెట్టు.

నీళ్లక్యాన్ (కర్నూలు)

చూశా అన్నా. వత్తు పడిన దాని పొడవు 10. రెండోది 11, అందులో జ్ తర్వాత 200సి అని ఏదో ఉంది. మూడోది 12, జ్ తర్వాత ఒకటి, చిట్టచివర ర్ తర్వాత ఇంకొకటి, రెండూ ఆ 200సినే. హెడింగ్‌లో పే కంటే ముందు ఎఫ్ఈఎఫ్ఎఫ్ అని వచ్చింది. ఏంది ఇవన్నీ? వైరస్సా?

ఆదోని_పత్తి

వైరస్ కాదులే, చెత్త. అక్షరాలను వెతికి మార్చే రీజెక్స్‌లో 200బి నుంచి 200ఎఫ్ దాకా రేంజ్ ఇచ్చి అన్నీ లేపేయ్. ఒక్క లైను పని. నేను ప్రతి ప్రాజెక్టులో మొదట చేసేది అదే.

అనంత_డీటీపీ (అనంతపురం)

ఆగప్పా ఆగు! లేపేస్తే మా క్లాక్‌టవర్ 'క్లాక్టవర్' అయి కూర్చుంటుంది. కడపోళ్ల సెవెన్‌రోడ్స్ 'సెవెన్రోడ్స్' అవుతుంది. ఫ్లెక్సీ మీద అట్లా పడితే మళ్లీ కొట్టించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అది చెత్త కాదు, కావాలని పెట్టేది.

బురుజు_నీడ (కర్నూలు)

కొంచెం వివరంగా చెబుతా, లేకపోతే ఈ గొడవ తెగదు.

యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన గడులు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు. వాటిలో వత్తులకు విడిగా కోడ్‌లు లేవు. హల్లు, దాని వెనక పొల్లు (0సి4డి), దాని వెనక మళ్లీ హల్లు వస్తే రెండో హల్లును వత్తుగా వేయడం ఫాంటూ, అక్షరాల ఆకారం కుదిర్చే షేపింగ్ ఇంజనూ కలిసి చూసుకుంటాయి. 'అమ్మ' రాయడానికి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ 'రాజ్' అని పొల్లుతో ఆపి పక్కనే 'విహార్' రాయాలంటే ఎట్లా? మధ్యలో ఏమీ లేకపోతే ఇంజను దాన్ని వత్తు అనే అనుకుంటుంది. స్పేస్ పెడితే రెండు మాటలైపోతాయి, లైను చివర విరిగిపోతుంది కూడా. అందుకే 200సి, పూర్తి పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. రెండు చేల మధ్య గట్టు అనుకో, దాని మీద ఏమీ పండదు, కానీ తీసేస్తే ఇద్దరి పంటా కలిసిపోతుంది.

స్ట్రిప్ ఎందుకు పనిచేయలేదంటే పైథాన్ దృష్టిలో అది ఖాళీ జాగా కాదు, ఫార్మాట్ జాతి అక్షరం. పేరులోనే స్పేస్ అని ఉన్న 200బి (జీరో విడ్త్ స్పేస్) ని కూడా స్ట్రిప్ ముట్టదు. వెబ్ పేజీల నుంచి అతికించినప్పుడు వచ్చే విరగని స్పేస్ ఉంది చూడు, 00ఏ0, దాన్ని మాత్రం తీసేస్తుంది. ఎక్సెల్లో మళ్లీ వేరే తిరకాసు. అక్కడి ట్రిమ్ మామూలు స్పేస్‌ను మాత్రమే తీస్తుంది, ఆ విరగని స్పేస్‌ను (అక్కడ దాని నంబరు 160) వదిలేస్తుంది. క్లీన్ అనేది 0 నుంచి 31 వరకు ఉన్న పాతకాలపు కంట్రోల్ కోడ్‌లనే తీస్తుంది. కాబట్టి ఎక్సెల్లో అయితే సబ్‌స్టిట్యూట్‌లో యూనికార్ 8204 ఇచ్చి తీయాల్సిందే. ఈ కోడ్‌లు పదహారు ఆధారంగా రాసే అంకెలు, 200సి ని దశాంశంలో రాస్తే 8204, 200బి అయితే 8203.

ఇక హెడింగ్ ముందున్న ఎఫ్ఈఎఫ్ఎఫ్. దాన్ని బామ్ అంటారు, బైట్ ఆర్డర్ మార్క్. యూనికోడ్‌ను ఫైల్లో రాసే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-16లో రెండు బైట్లలో ఏది ముందో చెప్పడానికి పుట్టింది. యూటీఎఫ్-8లో బైట్ల వరస గొడవే లేదు, అయినా విండోస్ ప్రోగ్రాములు 'ఇది యూటీఎఫ్-8 ఫైలు' అని గుర్తు కోసం మొదట పెడుతుంటాయి. ఎక్సెల్లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేసి ఉంటావు, అక్కడ వచ్చింది. నీ ఫైల్లో కాలమ్ పేరు 'పేరు' కాదు, బామ్ అతుక్కున్న 'పేరు'. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వు, పోతుంది. అట్లాగని రాసే ఫైళ్లలో కూడా పీకేయకు, బామ్ లేని సీఎస్‌వీని మామ డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్లో తెరిస్తే తెలుగు బదులు నెత్తిన గుర్తులున్న ఫ్రెంచి అక్షరాల్లాంటివి కనబడి నీకు ఫోన్ చేస్తాడు.

నీళ్లక్యాన్ (కర్నూలు)

సిగ్ పెట్టగానే హెడింగ్ గొడవ పోయింది, థ్యాంక్స్ అన్నా. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేస్తే మిగతాది కూడా పోతుందా? క్లాసులో చెప్పారు, ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాసి ఉంటే ఒకే రూపానికి తెచ్చేది అదని, యూనికోడ్ పోల్చే ముందు చేయాలని.

బురుజు_నీడ (కర్నూలు)

చేయడం మంచిదే గానీ ఈ రోగానికి ఆ మందు కాదు. ఎన్ఎఫ్‌సీ అయినా ఎన్ఎఫ్‌కేసీ అయినా 200సి ని తాకవు. తెలుగులో ఎన్ఎఫ్‌సీ ఉపయోగపడేది ఐత్వం దగ్గర. ఐత్వాన్ని 0సి48 అని ఒకే కోడ్‌తోనూ రాయొచ్చు, 0సి46, 0సి56 అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు, రెండూ సమానమే. 'కైలాసం' ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే అప్పుడు ఎన్ఎఫ్‌సీ కలుపుతుంది.

మాస్టారు_పొద్దుటూరు

నేను కంప్యూటర్ మనిషిని కాను, రిటైరైన తెలుగు పంతులును. చదువుతుంటే నాకు తోచింది చెబుతాను. తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బయటి నుంచి వచ్చిన మాటకు కూడా మన పెద్దలు ఉకారం చేర్చి కారు, బస్సు, రైలు, కలెక్టరు అన్నారు. 'కర్నూలులో' అని రాస్తే ఈ కనబడని అక్షరంతో పనేమిటి? 'కర్నూల్‌లో' అని రాయబట్టి కదా ఈ తిప్పలు. మాట మధ్యలో పొల్లు నిలబెట్టాలనే మోజే అసలు జబ్బు.

అనంత_డీటీపీ (అనంతపురం)

మాస్టారూ, మీరు చెప్పింది కాదనను. కానీ మా షాపుకొచ్చే మనిషి బోర్డు మీద 'రాజ్‌కుమార్ ఆటోమొబైల్స్' అని వేయమంటాడు. రాజుకుమారు అని వేస్తే డబ్బులియ్యడు. పేర్లు జనం ఇష్టం. ఆధార్లో ఉన్న పేరును నేను అజంతం చేయలేను కదా.

ఇంకో మాట, మా పని అంతా ఇప్పటికీ అనూ ఫాంట్లలోనే. అక్కడ ఈ తలనొప్పి లేదు, వత్తు కావాలంటే వత్తు మీట కొడతాం, పొల్లు కావాలంటే పొల్లు మీట, చూసింది చూసినట్టు పడుతుంది. అది యూనికోడ్ కాదు కాబట్టి వెతకడానికి పనికిరాదు, అది వేరే సంగతి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కొన్ని పొల్లు కనబడిన ప్రతిచోటా గుడ్డిగా 200సి తగిలిస్తాయి, మాట చివర కూడా. తమ్ముడి మూడో రాజ్‌విహార్ చివర ఉన్నది అట్లా వచ్చిందే అని నా అనుమానం.

పెన్నేటి_గట్టు (కడప)

మాస్టారికి నమస్కారం. అజంతం అన్నది వాడుక మాటలకు సరే, మరి పద్యాల సంగతో? 'వచ్చెన్', 'చూచెన్' అని ద్రుతం, అంటే చివరి నకారం, పొల్లుగా నిలిచేది మన పద్యాల్లోనే కదండీ. పాత అచ్చులో దానికి నకారపొల్లు అని ప్రత్యేకమైన ఆకారమే ఉండేది. దానికి యూనికోడ్‌లో 0సి5డి అని సొంత గడి 2021లో, 14.0 వెర్షన్‌లో వచ్చింది. అంటే పొల్లు నిలబెట్టడం ఇంగ్లీషు మోజుతో మొదలైంది కాదు.

నేను పాత పుస్తకాలు చూసి టైపు చేస్తుంటాను, ఊళ్లో బ్రౌన్ లైబ్రరీ ఉండటం వల్ల అంటుకున్న పిచ్చి. నా బాధ మీ అందరికీ తిరగబడి ఉంటుంది, వినండి. పాత అచ్చులో వలపల గిలక ఉంటుంది, ర్ అనే ధ్వనిని ముందు రాయకుండా తర్వాతి అక్షరానికి కుడివైపున గిలకగా వేస్తారు. అది చూడటానికి అచ్చం తెలుగు అంకె ౯ లాగే ఉంటుంది. అందుకని చాలామంది 'ధర్మము' అని ఉన్నచోట కంటికి కనబడినట్టు 'ధమ౯ము' అని కొట్టేస్తారు. కర్నూలు 'కనూ౯లు' అవుతుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం అది మాట మధ్యలో తొమ్మిది. వెతికితే దొరకదు, అకారాదిలో ఎక్కడో పడుతుంది, గట్టిగా చదివే ప్రోగ్రాముకు ఇస్తే 'ధమ తొమ్మిది ము' అంటుంది.

సరైన పద్ధతి ఏమిటంటే ర, పొల్లు, 200డి (జాయినర్), తర్వాత హల్లు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వాడే హార్ఫ్‌బజ్ ఇంజను తెలుగులో ఈ వరసను చూస్తేనే గిలక ప్రయత్నం చేస్తుంది. ఫాంటులో గిలక బొమ్మ ఉంటే గిలక పడుతుంది, లేకపోతే పడదు, కానీ అడుగున ధర్మమే ఉంటుంది. అందుకే ఆ కనబడని జాయినర్ కోసం నేను పోట్లాడతాను. ఆదోని బ్రదర్ ఒక్క లైనులో లేపేసే వాటిలో నా గిలకలన్నీ ఉన్నాయి.

ఆదోని_పత్తి

అక్కా గిలకల సంగతి నాకు నిజంగా తెలీదు, అవి ఉంచుకోండి. కానీ వాటర్ క్యాన్ లిస్టులో గిలకలేం ఉంటాయి చెప్పండి. అక్కడ లేపేయొచ్చు అంటున్నా అంతే.

బురుజు_నీడ (కర్నూలు)

ఒక పని చెయ్ ఆదోనీ. నీ ఒక్క లైనును, అమ్మ, నాన్న, పాప కలిసి ఉన్న ఫ్యామిలీ ఎమోజీ మీద నడిపి చూడు.

ఆదోని_పత్తి

హహ, ఫ్యామిలీ విడిపోయింది. ముగ్గురూ పక్కపక్కన విడివిడిగా నిలబడ్డారు.

బురుజు_నీడ (కర్నూలు)

ఎందుకంటే ఆ బొమ్మ ఒక్క అక్షరం కాదు. మగమనిషి, 200డి, ఆడమనిషి, 200డి, పాప. మన గిలకకు వాడే జాయినరే. మామ మెసేజుల్లో రేపు ఎవరైనా ఎమోజీ పెడితే నీ రీజెక్స్ దాన్ని చీల్చేస్తుంది.

మనకే కాదు ఇది. పారశీకంలో 'నీమ్ ఫాసలే', అంటే సగం ఖాళీ అని పిలిచి 200సి ని రోజువారీ రాతలో వాడతారు, అక్కడ అది స్పెల్లింగ్‌లో భాగం. సింహళంలో 'శ్రీ' సరిగ్గా పడాలంటే జాయినర్ కావాలి. మలయాళం వాళ్ల 'చిల్లు' అక్షరాలు (అచ్చు లేకుండా నిలిచే హల్లులు) 2008లో యూనికోడ్ 5.1 విడి కోడ్‌లు ఇచ్చేదాకా జాయినర్‌తోనే నడిచాయి. ఒక్క లైనుతో నువ్వు ఎంతమందితో తగాదా పెట్టుకుంటున్నావో చూసుకో.

జిరాక్స్_భాయ్ (కడప)

నాది షాదీ కార్డుల పని, తెలుగు ఉర్దూ రెండూ ఒకే కార్డు మీద. ఆ రేంజ్ చివర్లో ఉన్న 200ఈ, 200ఎఫ్ సంగతి నేను చెప్తా. అవి దిక్కు చూపించేవి, మొదటిది ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు. ఉర్దూ లైన్లో ఫోన్ నంబరో బ్రాకెట్టో వస్తే బ్రాకెట్ పోయి అవతలి పక్కన కూర్చుంటుంది, నంబరు ముక్కలు అటువి ఇటు మారతాయి. అక్కడ ఆ గుర్తు ఒకటి పెడితే దారికొస్తుంది. తీసేస్తే వలీమా (పెళ్లి విందు) టైము, ఫోన్ నంబరు కలగాపులగం, పెళ్లివాళ్లతో మాటలు పడేది మేము.

తమ్ముడూ నీ లిస్టులో ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయా? ఉంటే అవి కూడా చూసుకో. ఫోన్ కాంటాక్టుల నుంచి కాపీ చేసిన నంబరుకు ముందు 202ఏ, వెనక 202సి అని ఇట్లాంటివే అతుక్కుని వస్తుంటాయి. చూపుకు పది అంకెలే, లెక్క పెడితే పన్నెండు.

నీళ్లక్యాన్ (కర్నూలు)

భాయ్ మీ నోట్లో చక్కెర పొయ్యాలి! నంబర్లు అంకెలుగా మారడం లేదని నిన్నటి నుంచి టెన్షన్ పడుతున్నా, అడగాలంటే ఇప్పటికే ఎక్కువ అడిగానని ఊరుకున్నా. అదే, 202ఏ.

బురుజు_నీడ (కర్నూలు)

ఫోన్ నంబర్ల కాలమ్‌లో మాత్రం ఆదోని మాట వినొచ్చు, అంకెలు తప్ప ఏదున్నా పీకేయ్. అక్కడ ఎవరి రాతా చెడదు.

దిక్కు గుర్తులతో మోసాలు కూడా ఉన్నాయి, తెలుసుకోండి. 202ఈ అని ఒకటుంది, దాని తర్వాత వచ్చేదంతా తిరగేసి చూపిస్తుంది. ఫైలు పేరులో అది పెట్టి, నడిచే ప్రోగ్రామును ఫోటోలాగా కనబడేట్టు చేసి పంపడం పాత ట్రిక్కు. 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, ఇవే గుర్తులతో ప్రోగ్రాము కోడ్ మనిషికి ఒకలాగా, కంపైలర్‌కు ఇంకోలాగా కనబడేట్టు చేయొచ్చని చూపించారు. ట్రోజన్ సోర్స్ అని పేరు పెట్టారు. విఎస్ కోడ్‌లో ఇప్పుడు కనబడని అక్షరాల చుట్టూ పెట్టె గీసి చూపిస్తుంది కదా, ఆ ఏడాది చివర్లోనే వచ్చింది అది.

ధర్మవరం_నేత

ఐఫోన్లు చచ్చిపోయిన కథ ఎవరూ చెప్పలేదేంది! 2018 ఫిబ్రవరి. ఒక్క తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లో యాప్ మూసుకుపోయేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్లీ మళ్లీ తిరిగి మొదలయ్యేది. అప్పుడు ప్రపంచమంతా తెలుగు గురించి మాట్లాడుకున్నారు, ఎందుకు మాట్లాడుకున్నారో తల్చుకుంటే నవ్వొస్తుంది. దానికీ ఈ 200సికీ ఏమన్నా సంబంధం ఉందా?

బురుజు_నీడ (కర్నూలు)

ఉంది, గట్టి సంబంధమే. వార్తల్లో 'జ్ఞా' అని రాసేశారు గానీ మామూలుగా జ్ఞానం అని రాస్తే ఏమీ అయ్యేది కాదు. ఫోన్‌ను పడగొట్టిన వరస జ, పొల్లు, ఞ, 200సి, ఆపైన దీర్ఘం. అంటే వత్తు పడ్డాక, దీర్ఘానికి ముందు, ఎవరూ పెట్టని చోట నాన్ జాయినర్ వచ్చింది. ఆ మూల ఒకటుందని ఆపిల్ షేపింగ్ కోడ్ రాసినవాళ్లు ఊహించలేదు. బెంగాలీ, దేవనాగరిల్లో కూడా అలాంటి వరసలు దొరికాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

నేను దాని నుంచి తీసుకున్నది ఏంటంటే, 200సి పొల్లు వెనక తప్ప తెలుగులో ఇంకెక్కడా ఉండటానికి కారణం లేదు. గుణింతం ముందు కనబడితే అది ఖచ్చితంగా పొరపాటో అల్లరో.

పాతకాపు_91 (నంద్యాల)

యూనికోడ్‌కు ముందు ఇస్కీలో ఇంత దాపరికం లేదు. మన లిపుల అక్షరాలకు కోడ్ నంబర్లిచ్చే పద్ధతి అది, 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చింది, ఐఎస్ 13194. పొల్లు ఒకసారి కొడితే తర్వాతిది వత్తు, పొల్లు రెండుసార్లు కొడితే పొల్లు పొల్లుగానే నిలబడుతుంది. వేరే కనబడని అక్షరం అక్కర్లేదు. టైపు చేసేవాడికి తను ఏం చేస్తున్నాడో తెలిసేది. యూనికోడ్ వాళ్లు మన లిపుల వరసను ఇస్కీ నుంచే తీసుకుని, ఇది మాత్రం వదిలేశారు. కీబోర్డు పద్ధతుల్లో ఒకటైన ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవాళ్లకు విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే 200సి వస్తుంది, 1 నొక్కితే జాయినర్. ఎంతమందికి తెలుసు? ఫోన్ కీబోర్డులేమో మనల్ని అడక్కుండానే పెట్టేస్తాయి. మన రాతలో ఏముందో మనకే తెలియకుండా పోయింది.

మాస్టారు_పొద్దుటూరు

నంద్యాల వారి మాట నాకు నచ్చింది. రెండు పొల్లులు అంటే పిల్లవాడికి కూడా చెప్పవచ్చు. 'వచ్చెన్' విషయం అమ్మాయి బాగా గుర్తుచేసింది. అయితే పద్యంలోని ద్రుతానికీ బోర్డు మీద 'ఆటోమొబైల్స్'కూ పోలిక లేదని మాత్రం నా అభిప్రాయం, అది మార్చుకోను.

నీళ్లక్యాన్ (కర్నూలు)

మాస్టారూ మీరు మార్చుకోవద్దు, నా ప్రోగ్రాము మారితే చాలు. ఇంకో సందేహం. నెలాఖరుకు బాకీ ఎంతో కస్టమర్లకు తెలుగులో ఎస్ఎంఎస్ పంపుదామని మామ ఆలోచన. కొన్ని మెసేజులకు రెండింటి డబ్బులు పడుతున్నాయి. మాటలేమో చిన్నవే.

జిరాక్స్_భాయ్ (కడప)

ఇంగ్లీషైతే 160, తెలుగైనా ఉర్దూ అయినా 70. మాకు పాత అనుభవం.

బురుజు_నీడ (కర్నూలు)

భాయ్ చెప్పిందే. ఇంగ్లీషు అక్షరాలను ఏడు బిట్లలో కుదించి పంపుతారు కాబట్టి 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం కలిసినా మొత్తం మెసేజు అక్షరానికి పదహారు బిట్లు అయిపోతుంది, 70 దాటితే ముక్కలు చేసి, ముక్కకు 67 లెక్కన పంపుతారు. ఈ లెక్కలో 'అక్షరం' అంటే మనం బళ్లో నేర్చుకున్న అక్షరం కాదు, కోడ్ గడి. 'క్ష' మూడు గడులు. 200సి కనబడకపోయినా ఒక గడి. 'రాజ్‌విహార్‌' అని చివర కూడా తగిలించుకుని ఉంటే పన్నెండు గడులు ఒక్క ఏరియా పేరుకే పోయాయి. మాట చివర ఉన్నవి తీసేస్తే 71, 72 దగ్గర తచ్చాడే మెసేజులు చాలావరకు ఒక్కదాంట్లో పడతాయి.

మధ్యలోవి మాత్రం తీయకు. 'రాజ్విహార్' అని మెసేజు వెళ్తే మామకు చదువు రాదనుకుంటారు.

పెన్నేటి_గట్టు (కడప)

ఇంతకీ తమ్ముడికి లెక్క ఎట్లా కుదురుతుందో ఎవరూ చెప్పలేదు. నేను నా పుస్తకాల సూచికకు చేసేది చెబుతా. రాసిన మాటను రాసినట్టే ఉంచుతాను, దాని పక్కన వెతకడానికి మాత్రమే ఇంకో కాలమ్. అందులో జాయినర్లు, నాన్ జాయినర్లు ఏవీ ఉండవు. 'ధర్మము' అని ఎవరు వెతికినా గిలకతో ఉన్నదీ దొరుకుతుంది, గిలక లేనిదీ దొరుకుతుంది. చూపించేటప్పుడు మాత్రం మొదటి కాలమ్.

బురుజు_నీడ (కర్నూలు)

సరిగ్గా అదే. యూనికోడ్ వాళ్లు అకారాది వరస కోసం పెట్టిన పద్ధతిలో కూడా 200సి, 200డి లకు బరువు సున్నా, అంటే పోల్చేటప్పుడు లేనట్టే లెక్క. పైథాన్‌లో మామూలు సమానం గుర్తు ఆ పద్ధతి పాటించదు, కోడ్‌కు కోడ్ పోలుస్తుంది, అందుకే నీకు మూడు వరసలు వచ్చాయి. డేటాబేసుల్లో కూడా ఇంతే, మై ఎస్‌క్యూఎల్‌లో కొలేషన్ (పోల్చే పద్ధతి) పేరు చివర బిన్ అని ఉంటే కోడ్‌కు కోడ్, వేరువేరు అంటుంది.

నువ్వు చేయాల్సింది ఇది. పోల్చే కాలమ్‌కు ఎన్ఎఫ్‌సీ చెయ్, విరగని స్పేస్‌ను మామూలు స్పేస్ చెయ్, తర్వాత 200బి, 200సి, 200డి, ఎఫ్ఈఎఫ్ఎఫ్ తీసేయ్, లెక్కంతా దాని మీద కట్టు. చూపించే కాలమ్‌లో ఒక్కటే సవరణ, నాన్ జాయినర్ వెనక తెలుగు హల్లు లేకపోతే, అంటే స్పేసో, చుక్కో, మాట చివరో అయితే, దాన్ని తీసేయ్. 'ఎస్ఐ' లాంటి చోట వెనక అచ్చు ఉంటుంది, అచ్చు ఎట్లాగూ వత్తు కాదు, అక్కడ కూడా అక్కర్లేదు.

ఆదోని_పత్తి

అంటే నా ఒక్క లైను పోల్చే కాలమ్‌లో వాడుకోవచ్చు అన్నమాట. చివరికి గెలిచింది నేనే.

పెన్నేటి_గట్టు (కడప)

సగం గెలిచావులే. ఒరిజినల్ కాలమ్ జోలికి రాకు.

అనంత_డీటీపీ (అనంతపురం)

ఎవరైనా వెబ్‌సైట్ పేరు తెలుగులో పెట్టుకోవాలనుకుంటుంటే ఒక మాట. మన లిపిలో .భారత్ ఉంది కదా అని ఒక కస్టమర్ షాపు పేరు మధ్యలో పొల్లుతో కావాలన్నాడు. డొమైన్ పేర్లలో 200సి సంగతి ఎట్లా?

బురుజు_నీడ (కర్నూలు)

పాత నియమాల్లో, అంటే 2003 నాటివాటిలో, దాన్ని నిశ్శబ్దంగా తీసేసేవారు. 2010లో వచ్చిన కొత్త నియమాల్లో పొల్లు వెనక వస్తే ఒప్పుకోవచ్చన్నారు, కానీ కంటికి ఒకేలా కనబడే రెండు అడ్రసులు పుడతాయన్న భయంతో, అన్నిటికంటే పైనుండే .భారత్ లాంటి పేర్లలో అసలు రానివ్వరు. మీ కస్టమర్‌ను మాస్టారి దగ్గరికి పంపండి, ఉకారం చేర్చి పేరు పెట్టిస్తారు.

మాస్టారు_పొద్దుటూరు

సంతోషంగా పెడతాను. రుసుము లేదు.

నీళ్లక్యాన్ (కర్నూలు)

చేశా. రాజ్‌విహార్ ఒక్క వరసకు వచ్చింది, క్యాన్ల లెక్క మామ నోటుపుస్తకంతో సరిపోయింది. వెంకటరమణ కాలనీలో రెండు వరసలు కూడా కలిశాయి, అక్కడ రెండు మాటల మధ్య విరగని స్పేస్ ఉంది. కానీ వన్‌టౌన్ మాత్రం లొంగలేదు. వన్‌టౌన్, వన్ టౌన్, వన్టౌన్, 1 టౌన్, ఒన్ టౌన్. మొదటి మూడూ స్పేస్ కూడా తీసేస్తే కలిశాయి, మిగతావాటికి చేత్తో ఒక పట్టిక రాశా.

బురుజు_నీడ (కర్నూలు)

అది కనబడని అక్షరాల పని కాదు, కనబడే అక్షరాల పని. దానికి పట్టికే గతి. ఇక మీదట ఏరియా పేరు ఎవరినీ టైపు చేయనీయకు, డ్రాప్‌డౌన్ లిస్టు పెట్టి ఎంచుకోమను.

నీళ్లక్యాన్ (కర్నూలు)

పెట్టేశా అన్నా. డెలివరీ కుర్రాడు పొద్దున్నుంచి అందరినీ 'ఇతర' కింద ఎక్కిస్తున్నాడు. ఆ ఆప్షన్ తీసేయడానికి పోతున్నా.